పదో వారం నుంచి పరుగు ఎలా?

కొత్తవాళ్లకు తొమ్మిది వారాల్లో పరుగు నేర్పే యాప్ చెప్పినన్నాళ్లూ పరుగు సులువుగానే సాగుతుంది. "ఇక పరుగెత్తండి" అంటే పరుగెత్తుతాం, "ఇక నడవండి" అంటే నడుస్తాం. తొమ్మిదో వారం మూడో రోజున అది అభినందనలు చెప్పి ఊరుకుంటుంది. పదో వారం మంగళవారం పొద్దున్నే బూట్లు వేసుకుని గేటు దగ్గర నిలబడితే, ఎంతసేపు పరుగెత్తాలో, ఎంత దూరం వెళ్లాలో చెప్పే గొంతు ఉండదు. అప్పటిదాకా ఒక్క రోజూ మానని మనిషి ఆ వారం రెండుసార్లే వెళ్తాడు. ఆ పై వారం ఒకసారి. ఆ తర్వాత వానలొస్తాయి, ఇంట్లో చుట్టాలొస్తారు, బూట్లు మంచం కిందికి చేరతాయి. కాళ్లలో సత్తువ తగ్గిపోయి ఇలా జరగదు. టైంటేబుల్ లేకపోవడమే కారణం. ఆ టైంటేబుల్‌ని మనమే ఎలా వేసుకోవాలో లెక్కలతో చూద్దాం.

ముందు, మీరు పూర్తి చేసింది ఏమిటో ఒకసారి చూడండి. "కౌచ్ టు 5కె" అని అందరూ పిలిచే ఈ పద్ధతిని అమెరికాకు చెందిన జోష్ క్లార్క్ 1996లో తయారుచేశారు. ఎప్పుడూ పరుగెత్తనివాళ్లను 5 కిలోమీటర్లు పరుగెత్తేలా చేయడం దాని ఉద్దేశం. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ దాన్ని తీసుకుని బాగా ప్రచారం చేసింది. వారానికి 3 రోజుల చొప్పున 9 వారాలు, మొత్తం 27 పరుగులు. మొదటి వారం 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక. అయిదో వారం చివరికి ఆగకుండా 20 నిమిషాలు. తొమ్మిదో వారానికి 30 నిమిషాలు. నిమిషం పరుగుకే రొప్పిన మనిషి రెండు నెలల్లో అరగంట పరుగెత్తగలగడం చిన్న విషయం కాదు.

"కానీ 30 నిమిషాల్లో నాకు 5 కిలోమీటర్లు రాలేదు. మరి పూర్తయినట్టేనా?" చాలామందికి వచ్చే మొదటి సందేహం ఇదే. అరగంటలో 5 కిలోమీటర్లు అంటే కిలోమీటరుకు 6 నిమిషాలు, గంటకు 10 కిలోమీటర్ల వేగం. కొత్తగా పరుగెత్తేవాళ్లకు అది ఎక్కువే. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు పడితే అరగంటలో 4 కిలోమీటర్లు వస్తాయి. మీ ఊరి స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ ఉంటే అది సరిగ్గా 10 రౌండ్లు, రౌండుకు 3 నిమిషాలు. ఈ వేగంతో 5 కిలోమీటర్లకు 37 నిమిషాల 30 సెకన్లు పడుతుంది. అంటే మీకు తక్కువపడింది ఏడున్నర నిమిషాలే. పేరులో 5కె అని ఉన్నా, కార్యక్రమం మీకు ఇచ్చింది దూరం కాదు, అరగంట ఓపిక. అది మీకు వచ్చేసింది.

రెండో సందేహం కాస్త ప్రమాదకరమైనది. "9 వారాల్లో సున్నా నుంచి 5 వచ్చింది కదా, ఇంకో 9 వారాల్లో 10 ఎందుకు రాదు?" వస్తుంది, కొందరికి. కానీ ఇక్కడే కాళ్లు మొరాయిస్తాయి. గుండె, ఊపిరితిత్తులు, రక్తం కొత్త పనికి కొన్ని వారాల్లోనే అలవాటుపడతాయి. ఎముకలు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు మాత్రం నెలలు తీసుకుంటాయి. అందుకే ఈ దశలో ఆయాసం లేదు కాబట్టి ఇంకా పరుగెత్తవచ్చని ఊపిరి చెబుతుంది. అప్పటికింకా సిద్ధంకాని పిక్కలు, ముంగాలి ఎముక, మడమ మాత్రం ఆ మాటకు బలవుతాయి. పదో వారం నుంచి మీ ఊపిరి చెప్పే మాటను సగమే నమ్మండి.

కాళ్ల మీద పడే పనిని లెక్కకడితే సంగతి ఇంకా తేటగా ఉంటుంది. నిదానంగా పరుగెత్తేవాళ్లు నిమిషానికి సుమారు 160 అడుగులు వేస్తారనుకుందాం. అరగంటకు 4,800 అడుగులు. పరుగులో అడుగు పడ్డ ప్రతిసారీ నేల నుంచి కాలికి తగిలే ఒత్తిడి శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్లు. 70 కిలోల మనిషికి అది 140 నుంచి 210 కిలోలు. "ఇవాళ హుషారుగా ఉంది, ఇంకో పది నిమిషాలు పరుగెడదాం" అనుకుంటే, ఇలాంటి అడుగులు మరో 1,600 వేస్తున్నామన్నమాట. పది నిమిషాలు చిన్నవిగానే కనిపిస్తాయి, అడుగుల లెక్క అలా కనిపించదు.

దెబ్బల లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. పరుగులో గాయాలపై వచ్చిన అధ్యయనాలను కలిపి 2015లో చేసిన విశ్లేషణ ప్రకారం, కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకు ప్రతి 1,000 గంటల పరుగుకు సుమారు 17.8 గాయాలు అవుతాయి. అలవాటుపడ్డ సాధారణ పరుగరులకు 7.7. వెయ్యి గంటలంటే మన ఊహకు అందదు కాబట్టి మన లెక్కలోకి తెచ్చుకుందాం. వారానికి 90 నిమిషాల చొప్పున ఏడాదికి 78 గంటలు. అంటే కొత్తవాళ్లకు ఏడాదికి ఒకటి లేదా రెండు గాయాలు, అలవాటుపడ్డవాళ్లకు రెండేళ్లకు ఒకటి కంటే కాస్త ఎక్కువ. వీటిలో ఎక్కువ భాగం పెద్ద దెబ్బలు కావు, పరుగు ఆపాల్సి వచ్చే నొప్పులు. మొదటి ఏడాదిలో ఒకసారి ఏదో ఒక నొప్పితో వారం పది రోజులు ఆగాల్సి వస్తే అది మీ తప్పూ కాదు, మీ వయసూ కాదు. లెక్కలో ఉన్నదే. దానికి ముందే చోటు పెట్టుకోవాలి.

పెంచడం గురించి మాట్లాడుకుంటే "వారానికి పది శాతం కంటే ఎక్కువ పెంచకూడదు" అన్న సూత్రం మీ చెవిన పడే ఉంటుంది. వినడానికి బాగుంటుంది గానీ, అది వడ్డీ మీద వడ్డీ. వారానికి 90 నిమిషాల దగ్గర మొదలుపెట్టి వారంవారం పది శాతం పెంచుకుంటూ పోతే పది వారాలకు 233 నిమిషాలు, అంటే దాదాపు 4 గంటలు అవుతుంది. ఇరవై వారాలకు 10 గంటలు దాటుతుంది. ఉద్యోగం, పిల్లల బడి ఉన్నవాళ్లు ఎవరూ చేయలేరు, చేయక్కర్లేదు కూడా. పైగా నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త పరుగరులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఈ పది శాతం పద్ధతి, రెండోదానికి మామూలు శిక్షణ ఇచ్చి చూశారు. ఫలితాలు 2008లో వచ్చాయి. మొదటి గుంపులో గాయపడ్డవాళ్లు 20.8 శాతం, రెండో గుంపులో 20.3 శాతం. తేడా లేనట్టే.

మరి దేన్ని చూసుకోవాలి? వారం మొత్తాన్ని కాదు, ఒక్క రోజు పరుగుని. 5,200 మందికి పైగా పరుగరుల వాచీల్లో నమోదైన వివరాలతో 2025లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని బాగా చూపించింది. గడిచిన 30 రోజుల్లో మీరు చేసిన అతి పొడవైన పరుగు కంటే 10 నుంచి 30 శాతం ఎక్కువ దూరం ఒకేసారి పరుగెత్తితే, గాయం అయ్యే అవకాశం 64 శాతం పెరిగింది. రెట్టింపు దాటితే ఆ అవకాశం కూడా రెట్టింపు దాటింది. వారం మొత్తం దూరం పెరగడానికీ గాయాలకూ మాత్రం అలాంటి సంబంధం కనిపించలేదు. ఇంటి భాషలో చెప్పాలంటే, నెలలో మీ పెద్ద పరుగు 4 కిలోమీటర్లయితే ఈ ఆదివారం 4.4 దాటొద్దు. స్నేహితుడు పిలిచాడని ఒకేసారి 8 కిలోమీటర్లకు అసలే వెళ్లొద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పదో వారం నుంచి చేయాల్సిన పని ఏమిటంటే, కొత్తగా ఏమీ చేయకపోవడం. అవే 3 రోజులు, అదే అరగంట. ఇలా 13 వారాలు, మధ్యలో ఆదివారం పరుగు ఒక్కటే కాస్త పెరుగుతుంది. వినడానికి చప్పగా ఉంటుందని తెలుసు. అయినా ఈ 13 ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను.

"21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది" అనే మాట మనలో చాలామంది నమ్ముతారు. దాని మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్. ముఖానికి ఆపరేషన్ అయినవాళ్లు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో ఒక పుస్తకంలో రాశారు. దానికీ పొద్దున్నే లేచి పరుగెత్తడానికీ సంబంధం లేదు. అలవాటు ఎన్నాళ్లకు పడుతుందో నిజంగా కొలిచి చూసినవాళ్లు లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు. 96 మందితో చేసిన ఆ అధ్యయనం 2010లో అచ్చయింది. పని తనంతట తానే జరిగిపోయే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మధ్యస్థం అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ. మనిషిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని అంచనా వేశారు. గ్లాసుడు నీళ్లు తాగడం లాంటివి త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది.

వాళ్లు రోజూ చేసే పనుల్ని కొలిచారు. మనం వారానికి మూడుసార్లే పరుగెడుతున్నాం. 66 రోజుల్ని 66 సార్లుగా తీసుకుంటే, కార్యక్రమంలో 27 సార్లు అయిపోయాయి, మిగిలినవి 39. వారానికి 3 చొప్పున 13 వారాలు. ఇది శాస్త్రవేత్తలు చెప్పిన లెక్క కాదు, వాళ్ల అంకెతో నేను వేసిన కూడిక, తీసివేత. మీకు 10 వారాలకే కుదరొచ్చు, 20 పట్టొచ్చు. కానీ 9 వారాలు పూర్తయ్యేసరికి మీరు దారిలో సగానికి కూడా రాలేదన్న సంగతి మాత్రం తేలిపోతుంది. యాప్ వదిలేసిన చోటు అదే.

అదే అధ్యయనంలో నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటుంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు దెబ్బతినలేదు. కాబట్టి గురువారం పరుగు తప్పిందని శుక్రవారం గంటసేపు పరుగెత్తి బాకీ తీర్చుకోనక్కర్లేదు. తప్పిన పరుగు తప్పినట్టే, దాన్ని మరిచిపోయి ఆదివారం మామూలుగా వెళ్లండి. పైన చెప్పిన గాయాల లెక్క ప్రకారం చూసినా, బాకీ తీర్చే పరుగులే ఎక్కువ ముంచుతాయి.

"మూడు రోజులు చాలా, నాలుగు కావాలా?" అని అడిగేవాళ్లుంటారు. కెనడాలో కొత్తగా జిమ్‌లో చేరిన 111 మందిని గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, అలవాటు కుదరాలంటే వారానికి కనీసం 4 సార్లు, 6 వారాల పాటు వెళ్లాల్సి వచ్చిందని తేలింది. పరుగు కాళ్లకు జిమ్ కంటే బరువైన పని కాబట్టి నాలుగో రోజు పరుగు వద్దు. అదే వేళకు, అదే బూట్లతో, అదే దారిలో అరగంట నడవండి. అలవాటుకు కావలసింది లేవడం, బయటికి రావడం. ఆ పని నడకతోనూ జరుగుతుంది.

ఆరోగ్యానికి ఈ మాత్రం సరిపోతుందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాలు తీవ్ర శ్రమ చేయాలి. మధ్యస్థ శ్రమ అంటే చురుకైన నడక లాంటిది. నిదానమైన పరుగైనా తీవ్ర శ్రమ కిందికే వస్తుంది. మూడు అరగంటలు కలిపితే 90 నిమిషాలు, మీరు గీత దాటేశారు. వారానికి 10,080 నిమిషాలు. అందులో 90 అంటే ఒక శాతం కూడా కాదు. తయారవడం, స్నానం కలిపి రెట్టింపు వేసుకున్నా రెండు శాతం లోపే.

కుదరని వారాల్లో ఎంత తగ్గించవచ్చో కూడా తెలిసి ఉంటే మంచిది. అమెరికాలోని డల్లాస్‌లో 55,137 మంది పెద్దవాళ్లను సగటున 15 ఏళ్లు గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పరుగెత్తేవాళ్లలో మరణాలు 30 శాతం తక్కువగా, గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు 45 శాతం తక్కువగా కనిపించాయి. వారానికి 51 నిమిషాల లోపే, అదీ నిదానంగా పరుగెత్తినవాళ్లలోనూ ఈ లాభం కనిపించింది. పరుగెత్తేవాళ్లు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తగా ఉంటారు కాబట్టి ఆ లాభమంతా పరుగుదే అనలేం, నిజమే. అయినా మీ కనీస హద్దు ఎక్కడ పెట్టుకోవాలో ఇది చెబుతోంది. పెళ్లిళ్ల నెలలో, పరీక్షల కాలంలో, ఆఫీసులో ఆడిట్ నడుస్తున్నప్పుడు వారానికి 25 నిమిషాల పరుగులు రెండు చాలు. సున్నాకు మాత్రం దిగొద్దు.

ఏడాది బడ్జెట్ ఇలా వేసుకోండి. 52 వారాలు, వారానికి 3, మొత్తం 156 పరుగులు. ఇందులో రోహిణి కార్తె ఎండలకు 3 వారాలు, జ్వరాలకు 2, పండుగలకు, పెళ్లిళ్లకు, ప్రయాణాలకు 4, ఏదో ఒక కాలి నొప్పికి 3 తీసేయండి. 12 వారాలు, 36 పరుగులు పోయాయి. మిగిలినవి 120. అరగంట చొప్పున 60 గంటలు, అంటే ఏడాదిలో రెండున్నర రోజులు. 4 కిలోమీటర్ల చొప్పున 480 కిలోమీటర్లు. ఒక్క పరుగూ మానకుండా 156 చేస్తే 624 కిలోమీటర్లు, దాదాపు హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి రోడ్డు దూరం. అలా కాక మొదటి 8 వారాలు వారానికి 5 రోజులు ఉత్సాహంగా పరుగెత్తి, మడమ నొప్పితో మానేసినవాళ్ల ఖాతాలో ఉండేవి 40 పరుగులే. 120 ఎక్కువో 40 ఎక్కువో వేరే చెప్పనక్కర్లేదు.

మధ్యలో విరామం వస్తే సంపాదించుకున్నదంతా పోతుందని భయపడకండి. బాగా శిక్షణ పొందిన క్రీడాకారులను పూర్తిగా ఆపించి చూసిన 1984 నాటి ప్రసిద్ధ ప్రయోగంలో, శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ శక్తి మొదటి మూడు వారాల్లో 7 శాతం తగ్గింది. 84 రోజులకు 16 శాతం. అంటే పడిపోవడం ఉంది గానీ, కుప్పకూలడం లేదు. నేనైతే ఇలా చెబుతాను. వారం ఆగితే ఏమీ మార్చకండి. రెండు మూడు వారాలు ఆగితే 20 నిమిషాలతో మొదలుపెట్టి పది రోజుల్లో అరగంటకు రండి. నెల దాటితే కార్యక్రమంలోని అయిదో వారానికి వెనక్కి వెళ్లండి. జ్వరం, ఒళ్లునొప్పులు ఉన్నప్పుడు పరుగు అసలే వద్దు. డెంగ్యూ, చికున్‌గున్యా లాంటివి వచ్చి తగ్గాక డాక్టరును అడిగి, నడకతోనే మళ్లీ మొదలుపెట్టాలి.

వేగం సంగతి త్వరగా తేల్చేద్దాం. వాచీలో గుండె వేగం, జోన్లు, రంగులు చూసి తికమక పడనక్కర్లేదు. పక్కన మనిషి ఉంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టు. ఒంటరిగా పరుగెడుతుంటే మీ ఇంటి అడ్రసు మొత్తం పిన్‌కోడ్‌తో సహా పైకి చెప్పి చూడండి. మొదటి 13 వారాలు అన్ని పరుగులూ ఇలాగే. ఆ తర్వాత వేగం కావాలనుకుంటే మొత్తం సమయంలో అయిదో వంతు, అంటే 90లో 18 నిమిషాలు మించకుండా వేగంగా వెళ్లవచ్చు. "ఇంత నిదానంగా వెళ్తే నడిచేవాళ్లు నన్ను దాటిపోతారేమో" అని సిగ్గుపడేవాళ్లకు ఒక లెక్క. చురుకైన నడక గంటకు 6 కిలోమీటర్లు. మీ నిదానమైన పరుగు 8. ఎవరూ దాటరు. దాటినా నష్టం లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు "మోకాళ్లు అరిగిపోతాయి" అంటారు. మోకాళ్ల, తుంటి కీళ్ల అరుగుదలపై లక్షమందికి పైగా వివరాలతో 2017లో వచ్చిన విశ్లేషణలో, సరదాకి పరుగెత్తేవాళ్లలో నూటికి 3.5 మందికి అరుగుదల కనిపించింది. పరుగెత్తకుండా కూర్చునేవాళ్లలో నూటికి 10.2. పోటీ స్థాయిలో పరుగెత్తేవాళ్లలో 13.3. మోకాళ్లు బాగోలేనివాళ్లు ముందే పరుగు మానేసి ఉండొచ్చు కాబట్టి పరుగు మోకాళ్లను కాపాడుతుందని గట్టిగా చెప్పలేం. మనం చేసే వారానికి 12 కిలోమీటర్ల పరుగు వాటిని అరగదీస్తుందని మాత్రం ఈ లెక్కలు చెప్పడం లేదు. ఇప్పటికే మోకాలి నొప్పి ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు ఎముకల డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి. కాళ్లకు బలం కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మరో మాట కూడా ఉంది, వారానికి రెండు రోజులు కండరాలకు పని. మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించడం 15 సార్లు, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం 15 సార్లు, ఇవి మూడేసి విడతలు. టీవీలో సీరియల్ ప్రకటనల మధ్య అయిపోతాయి.

బరువు తగ్గుతుందా అన్నది చాలామంది పైకి అడగని ప్రశ్న. పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషి 4 కిలోమీటర్లు వెళ్తే 280. ఒక పెద్ద సమోసాలో దాదాపు అంతే ఉంటుంది. వారానికి మూడు పరుగులు, 840 కేలరీలు. కిలో కొవ్వు కరగడానికి సుమారు 7,700 కావాలి. తిండి ఏమాత్రం మారకపోతే కిలో తగ్గడానికి 9 వారాలకు పైనే పడుతుంది. ఆదివారం పరుగు తర్వాత టిఫిన్ సెంటర్లో నెయ్యి కారం దోసె, పూరీ రెండూ లాగిస్తే అదీ తగ్గదు. బరువు కోసమే పరుగెత్తేవాళ్లు తూకం చూసి నిరాశపడి మానేస్తారు. అందుకే బరువు లెక్కను పరుగు లెక్కతో కలపొద్దని నా అభిప్రాయం. బరువు వంటింట్లో తేలాల్సిన విషయం.

ఎండ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పెద్ద అడ్డంకి. వేడికి ఒళ్లు అలవాటుపడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మార్చి చివర్లో ఒక్కసారిగా పరుగు బరువుగా అనిపిస్తే మీరు వెనకబడినట్టు కాదు, ఈ మార్పు జరుగుతోందన్నమాట. ఆ రెండు వారాలు కిలోమీటరుకు అర నిమిషం, నిమిషం ఎక్కువ పట్టనివ్వండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ వల్ల చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. అక్కడ ఇంకా నిదానం కావాలి. ఎంత నీరు పోయిందో తెలుసుకోవాలంటే పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. అర కిలో తగ్గితే పోయింది అర లీటరు నీళ్లే, కొవ్వు కాదు. అరగంట పరుగుకు ఖరీదైన డ్రింకులు అక్కర్లేదు, ఇంటికొచ్చి నీళ్లో మజ్జిగో తాగితే చాలు. మే నెలలో పొద్దున ఆరున్నర దాటాక బయల్దేరాల్సి వస్తే ఆ రోజు మానేయండి. మన బడ్జెట్లో ఆ 3 వారాలు పెట్టుకున్నది ఇందుకే.

బూట్లు మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనికొస్తాయని అంటారు. వారానికి 12 కిలోమీటర్లయితే పది నుంచి పదిహేను నెలలు. నాలుగు వేల రూపాయల జత 600 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు ఏడు రూపాయల లోపే. పదివేల జత వల్ల పరుగు రెండున్నర రెట్లు బాగుండదు. కొన్న తేదీ బూటు నాలుక లోపల పెన్నుతో రాసుకోండి, అరిగిందో లేదో అన్న వాదన ఉండదు.

రోడ్డు మీద పరుగెడితే కుడి వైపున వెళ్లండి. మన దగ్గర బండ్లు ఎడమ వైపు నడుస్తాయి కాబట్టి ఎదురుగా వచ్చేది కనిపిస్తుంది. చీకట్లో చెవుల్లో పాటలు వద్దు. వీధి కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, వాటి కళ్లలోకి చూడకుండా పక్కకు తప్పుకోండి. ఒంటరిగా చీకట్లో వెళ్లడం ఇబ్బందిగా ఉన్న ఆడవాళ్లు పార్కులోనో, కాలనీ లోపలి రోడ్డు మీదో పరుగెత్తినా, సాయంత్రం వెళ్లినా లెక్క మారదు. 200 మీటర్ల కాలనీ వీధి 20 సార్లు తిరిగితే 4 కిలోమీటర్లు. విసుగే గానీ పరుగు పరుగే.

ఛాతీలో నొప్పి, బరువు, కళ్లు తిరగడం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వస్తే ఆగిపోయి ఆ రోజే డాక్టరును కలవండి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, పరుగు రోజుల్లో తిండి, మందు వేళలు ఎలా ఉండాలో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక 5 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు ఎప్పుడు? 13 వారాల్లో మొదటి నెల ఏమీ పెంచకండి. రెండో నెలలో ఆదివారం పరుగు ఒక్కటే 4 నుంచి 4.4కి, అక్కడి నుంచి 4.8కి, ఆ తర్వాత 5కి తీసుకెళ్లండి. మూడు ఆదివారాల్లో అయిపోతుంది. మిగతా రెండు రోజులు అరగంటే. మూడో నెలలో అక్కడే ఉండండి. 13 వారాలు నిండాక 10 కావాలంటే ఇలాగే ఆదివారాన్ని పది శాతం చొప్పున పెంచుతూ వెళ్తే 8 మెట్లు. మూడు వారాలు పెంచి నాలుగో వారం పెంచకుండా ఆగితే మొత్తం 10 వారాలు. ఆ లెక్కన కార్యక్రమం ముగిసిన రోజు నుంచి 23 వారాలు, అయిదు నెలల పైన కొద్ది రోజులు.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ ప్రకటనలు చూసి మనసు లాగుతుంది, ఆఫీసులో నలుగురు కలిసి పేర్లిస్తారు. పోటీకి పేరివ్వడం మంచిదే, తేదీ ఉంటే పొద్దున్నే లేవడం సులువవుతుంది. మీ 23 వారాలు ఆలోగా పూర్తికాకపోతే 5కెకే పేరివ్వండి, 10కె ఫీజు మాత్రం కట్టకండి.